మొదటి వ్యాసం, మొదటి ఫొటో: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: విజయవాడలో జర్నలిజం డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాక్టికల్స్ కోసం కొండపల్లి బొమ్మల మీద ఫొటోలతో సహా ఒక పత్రికా వ్యాసం ఇవ్వాలి. రాసింది చూపిస్తే మా లెక్చరర్ "పరీక్షలో పది మార్కుల జవాబులా ఉంది" అన్నారు. వ్యాసం పంపుతున్నాను, ఎక్కడ తేడా కొట్టిందో చెప్పండి.

జవాబు: లెక్చరర్ గారు సరిగ్గానే పట్టుకున్నారు. "ఆంధ్రప్రదేశ్ ఎన్నో హస్తకళలకు పుట్టినిల్లు, వాటిలో కొండపల్లి బొమ్మలది విశిష్ట స్థానం" అని మొదలుపెట్టారు. అందులో కొండపల్లి తీసేసి ఏటికొప్పాక అని పెట్టి చూడండి, వాక్యం చెక్కుచెదరదు, అంటే అది కొండపల్లి గురించి ఏమీ చెప్పలేదన్నమాట. మీ రెండు పేజీల్లో ఇలాంటి వాక్యాలన్నీ పెన్సిల్‌తో కొట్టేయండి. చాలా తక్కువ మిగులుతుంది, టెన్షన్ పడకండి, ఆ మిగిలిందే మీ దగ్గరున్న అసలు సరుకు. కొండపల్లి మీకు దగ్గరే కదా, మళ్లీ వెళ్లిరండి.

ఈసారి నాలుగు దుకాణాలు తిరక్కుండా ఒకే ఇంట్లో, పని మొదలైనప్పటి నుంచి ఆపేదాకా కూర్చోండి. బొమ్మలకి తెల్ల పొణికి కర్ర వాడతారని రాశారు, అది ఎవరైనా రాస్తారు. ఆ కర్రే ఎందుకు, తడి ఆరకముందే చెక్కితే ఏమవుతుంది, ఇప్పుడు ఎక్కడి నుంచి తెస్తున్నారు, ఎంత పడుతోంది, ఇంట్లో ఎవరు చెక్కుతారు, రంగులు ఎవరు వేస్తారు, పిల్లలు ఈ పనిలోకి వస్తున్నారా, ఇవన్నీ అడగాలి. బొమ్మ భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారన్న సంగతి మీరు రెండో పేజీ చివర అర వాక్యంలో తేల్చేశారు. నేనైతే అక్కడే మొదలుపెడతాను. ఇంట్లో బొమ్మల కొలువులో ఏటా చూస్తున్న బొమ్మలో చింతగింజలు ఉన్నాయంటే ఎవరైనా రెండో పేరాకి వస్తారు. చరిత్ర, జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే అధికారిక ముద్ర) లాంటివి అవసరమైనచోట ఒక్కో వాక్యం చాలు.

ఇంకొక్కటి. "ప్రభుత్వం ఈ కళాకారులను ఆదుకోవాలి" అని ముగించారు. హస్తకళల మీద విద్యార్థులు రాసిన ప్రతి వ్యాసమూ ఇలాగే ముగుస్తుంది, ఎందుకో నాకు అర్థం కాదు! ఆ ఇంటాయనకి ఏం కావాలో ఆయన్నే అడగండి. కర్ర కావాలంటాడో, మార్కెట్ కావాలంటాడో, మా అబ్బాయికి ఈ పని వద్దంటాడో, ఏది చెబితే అది ఆయన మాటల్లోనే, ఆయన యాసలోనే రాయండి. మనం దిద్దిన పుస్తక భాష ఆయన నోట్లో పెట్టొద్దు.

ప్రశ్న: ఫొటో ఎడిటింగ్ నేర్చుకోవాలంటే ఫొటోషాప్ కొనాల్సిందేనా? నాది పాత ల్యాప్‌టాప్. పైగా నేను పంపిన ఫొటోలు "ప్రింటుకి పనికిరావు" అని ఒక పత్రిక వాళ్లు వెనక్కి పంపారు, ఫోన్‌లో చూస్తే బ్రహ్మాండంగా ఉన్నాయి.

జవాబు: కొనక్కర్లేదు. కంప్యూటర్‌లో గింప్, ఫోన్‌లో స్నాప్‌సీడ్ ఉచితంగానే దొరుకుతాయి, మొదటి ఏడాదికి అవి చాలు. ముందు క్రాప్ చేయడం, వంకరగా ఉన్నది సరిచేయడం, వెలుగునీడలు, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగానే కనిపించేలా రంగులు సరిచేయడం), చివర్లో కాస్త షార్ప్‌నెస్, ఇవి చేయి తిరిగేదాకా ఫిల్టర్ల జోలికి వెళ్లకండి.

ఫొటోలు వెనక్కి రావడానికి కారణం చాలావరకు పిక్సెల్స్ లెక్క, అంటే ఫొటోలో ఉండే రంగు చుక్కల లెక్క. పత్రిక ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెల్స్ అడుగుతారు. పేజీలో ఫొటో 6 అంగుళాల వెడల్పు పడాలంటే 1800 పిక్సెల్స్, ఏ4 సైజు పేజీ నిండా పడాలంటే సుమారు 2480కి 3508 కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది ఫొటోని కుదించేస్తుంది, ఫోన్ తెర చిన్నది కాబట్టి తేడా కనిపించదు, పేజీలో పెట్టగానే బండారం బయటపడుతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా మెయిల్ చేయండి. కొందరు తెలివిగా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అంగుళానికి ఎన్ని పిక్సెల్స్ అన్న గడిలో 72 అని ఉన్నచోట 300 అని టైపు చేసి పంపుతుంటారు, దానివల్ల లేని పిక్సెల్స్ పుట్టుకురావు. 900 పిక్సెల్స్ ఫొటో 300 లెక్కన 3 అంగుళాలే, అంతే.

ఒరిజినల్ ఫైలు మీద ఎప్పుడూ ఎడిట్ చేయొద్దు, కాపీ తీసుకోండి. జేపెగ్‌ని (ఫోన్ ఫొటోలు మామూలుగా సేవ్ అయ్యే ఫైలు రకం) మార్చి మళ్లీ మళ్లీ సేవ్ చేస్తే ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. ఇంకా, మెరిసే తెర మీద చూసిన నీడలు కాగితం మీద మరింత నల్లబడతాయి, దినపత్రికలు వేసే న్యూస్‌ప్రింట్ కాగితం సిరాని పీల్చుకుంటుంది కాబట్టి అక్కడ ఇంకా ఎక్కువ, అందుకే చీకటి భాగాల్ని కొద్దిగా తేలిక చేసి పంపాలి. అలాగని ముఖాలు తెల్లగా చేయకండి. పెళ్లి ఆల్బమ్‌ల అలవాటు అది, ఎండలో పనిచేసే మనిషిని పౌడర్ అద్దినట్టు చూపిస్తే అది ఆయన ఫొటో కాదు.

ప్రశ్న: కరెంటు తీగలు, వెనక ప్లాస్టిక్ బకెట్ లాంటివి క్లోన్ టూల్‌తో (ఫొటోలో ఒకచోటి భాగాన్ని ఇంకోచోట అతికించేది) తీసేయొచ్చా? అందం కోసమే కదా.

జవాబు: తీసేయొద్దు. నేషనల్ జియోగ్రాఫిక్ 1982 ఫిబ్రవరి సంచికలో ఇలాగే, అడ్డంగా తీసిన గిజా పిరమిడ్ల ఫొటో నిలువు ముఖచిత్రంలో పట్టడం లేదని కంప్యూటర్‌తో పిరమిడ్లను దగ్గరికి జరిపారు. అప్పటికి ఫొటోషాప్ పుట్టనేలేదు, అది మార్కెట్లోకి వచ్చింది 1990లో. ఆ ముఖచిత్రం గురించి జర్నలిజం క్లాసుల్లో ఇప్పటికీ చెబుతారు. 2003లో ఇరాక్ యుద్ధం ఫొటోలు రెండు కలిపి ఒకటిగా పంపినందుకు లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఫొటోగ్రాఫర్ ఉద్యోగమే పోయింది. వెలుగు సరిచేయొచ్చు, అంచులు కత్తిరించొచ్చు, ఉన్నది తీసేయడం, లేనిది పెట్టడం మాత్రం కుదరదు. బకెట్ అడ్డమైతే ఫొటో తీసేటప్పుడే రెండడుగులు పక్కకి జరగండి.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో వాడి కింద "సౌజన్యం: గూగుల్" అని వేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. గూగుల్ వెతికిపెట్టింది, ఫొటో తీయలేదు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో మీద హక్కు మామూలుగా తీసిన మనిషిది, ఉద్యోగంలో భాగంగానో డబ్బులిచ్చి తీయించుకుంటేనో వేరే లెక్క, తీసిన మనిషి జీవితాంతం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. అనుమతి అడగండి, మెయిల్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. వికీమీడియా కామన్స్‌లో చాలా ఫొటోలు వాడుకోవచ్చు, కానీ ఒక్కోదానికి ఒక్కో షరతు, కింద రాసి ఉంటుంది, అది చదివి ఫొటోగ్రాఫర్ పేరు వేయండి.

ప్రశ్న: నేను యూనికోడ్‌లో టైప్ చేసి పంపితే పత్రిక వాళ్లు "అను ఫాంట్స్‌లో పంపండి" అంటున్నారు. ఇప్పుడు అదీ నేర్చుకోవాలా?

జవాబు: వ్యాసం ఎప్పుడూ యూనికోడ్‌లోనే, అంటే ఏ ఫోన్‌లో, కంప్యూటర్‌లో తెరిచినా తెలుగుగానే కనిపించే పద్ధతిలో, రాసుకుని దాచుకోండి, రేపు వెతికితే దొరికేది అదే. అను అనేది యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్, దానిలోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక మాత్రం ఒత్తులు, పొల్లులు, సున్నాలు, అంకెలు మరోసారి చదివి పంపండి, ఎక్కువగా చెదిరేది అక్కడే.