నాలుగు పళ్ళకు లక్షా పన్నెండు వేలు: ఈఎంఐ తీసుకోనా, ఎఫ్‌డీ తీసేయనా?

ప్రశ్న: నాకు 46 ఏళ్ళు. గుంటూరులో ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 38 వేలు. పై వరసలో ముందు పళ్ళు రెండు, కింద దవడ పళ్ళు రెండు బాగా పుచ్చి విరిగిపోయాయి. నాలుగింటికీ రూట్ కెనాల్ చేసి, సిరామిక్ పోస్టు (వేరులోకి దించే సన్నని కడ్డీ) వేసి, పైన జిర్కోనియా (గట్టి తెల్ల సిరామిక్) క్యాప్ పెట్టాలన్నారు. పన్నుకు 28 వేల చొప్పున మొత్తం 1,12,000. ఒకేసారి కడితే 8 శాతం తగ్గిస్తారట, లేదంటే 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ, దానికి 2 శాతం ప్రాసెసింగ్ ఫీజు అట. సేవింగ్స్ ఖాతాలో 40 వేలున్నాయి, నెలకు 8 వేలు మిగులుతుంది. 2 లక్షల ఎఫ్‌డీ ఉంది కానీ అది అమ్మాయి బీటెక్ ఫీజు కోసం దాచింది. మా అత్తగారు పీకించేసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, తొందరపడి పీకించుకోకండి. పన్ను తీయించడం చవకే. కానీ ఆ ఖాళీలో తర్వాత బ్రిడ్జో ఇంప్లాంటో పెట్టించుకోవాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. వేరు గట్టిగా ఉన్న పన్నును నిలబెట్టుకోవడమే డబ్బు లెక్కలో కూడా మేలు.

అలాగని ఆ ఎస్టిమేట్‌ను ఉన్నదున్నట్టు ఒప్పుకోవద్దు. నాలుగు పళ్ళకూ ఒకే రేటు వేయడమే నాకు నచ్చలేదు. రూట్ కెనాల్ 6 వేలు, పోస్టు 7 వేలు, క్యాప్ 15 వేలు అని మీరు పంపిన కాగితంలో ఉంది. మీ నోట్లో ఆ నాలుగు పళ్ళ పరిస్థితీ ఒకటి కాదు, చేసే పనీ ఒకటి కాదు.

పోస్టు పన్నుకు బలం ఇవ్వదు. పైభాగం విరిగిపోయినప్పుడు, కొత్తగా కట్టే భాగం ఊడకుండా వేరులోంచి పట్టి ఉంచుతుంది, అంతే. దవడ పళ్ళలో నరం ఉండే గది వెడల్పుగా ఉంటుంది కాబట్టి చాలాసార్లు పోస్టు లేకుండా ఫిల్లింగ్‌తోనే పైభాగం కట్టేయవచ్చు. ‘ఈ రెండింటికీ పోస్టు ఎందుకు కావాలి డాక్టరుగారూ?’ అని అడగండి. కావాలంటే కారణం ఎక్స్‌రేలో చూపిస్తారు. ముందు పళ్ళకు అవసరం పడొచ్చు, అయితే సిరామిక్ పోస్టా ఫైబర్ పోస్టా అన్నది తేల్చుకోండి. సిరామిక్ పోస్టంటే మామూలుగా జిర్కోనియాదే, అది చాలా గట్టిది. రేపు వేరు చివర మళ్ళీ చీము పడితే దాన్ని బయటికి తీయడం మహా కష్టం, ఒక్కోసారి పన్నే పోతుంది. ఫైబర్ పోస్టుకు కాస్త వంగే గుణం ఉంటుంది, అవసరమైతే తొలిచి తీయవచ్చు, రంగు కూడా పన్నులో కలిసిపోతుంది.

అన్నిటికన్నా విలువైన ప్రశ్న ఇంకొకటి ఉంది. చిగురు పైన పన్ను చుట్టూ కనీసం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల గట్టి భాగం మిగిలి ఉందా? డాక్టర్లు దీన్ని ఫెర్రూల్ అంటారు. క్యాప్ పట్టు దాని మీదే. అది లేని పన్ను మీద ఎంత ఖరీదైన క్యాప్ పెట్టినా నాలుగు రోజులకే ఊడిపోవడమో, వేరు చీలడమో జరిగే ప్రమాదం ఎక్కువ. కొన్నిసార్లు చిగురు కొద్దిగా కత్తిరించి ఆ ఎత్తు తెస్తారు, దానికి విడిగా ఖర్చు. నాలుగింటిలో ఏదైనా ఈ పరీక్షలో నిలవకపోతే, దాని మీద 28 వేలు పెట్టకండి. మీ అత్తగారి మాట ఆ ఒక్క పన్ను వరకు సబబే.

ఒక లెక్క చూడండి. డాక్టరు ఒప్పుకుంటే దవడ పళ్ళకు పోస్టు మానేసి 2 వేల ఫిల్లింగ్, పైన 6 వేల మెటల్ సిరామిక్ క్యాప్. రూట్ కెనాల్‌తో కలిపి పన్నుకు 14 వేలు. దశాబ్దాలుగా వాడుతున్న రకమే అది, దవడలో ఎవరికీ కనిపించదు. ముందు పళ్ళకు జిర్కోనియా ఉంచుకోండి. రోజంతా పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పే మనిషి నవ్వడానికి వెనకాడకూడదు, ఆ ఖర్చు నేను తగ్గించను. 4 వేల ఫైబర్ పోస్టుతో పన్నుకు 25 వేలు. మొత్తం 78 వేలు. అంటే 34 వేలు తగ్గింది. మీ డాక్టరు చెప్పే రేట్లు కొంచెం అటూ ఇటూ కావచ్చు.

ఇక వరస. నాలుగింటికీ ఒకేసారి రూట్ కెనాల్ మొదలుపెట్టించుకుని, క్యాప్‌ల దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేసే వాళ్ళను నేను చాలామందిని చూశాను. రూట్ కెనాల్ చేసిన దవడ పన్నును క్యాప్ లేకుండా నెలల తరబడి వదిలేస్తే నమిలే ఒత్తిడికి చీలిపోవచ్చు. అప్పుడు పెట్టిన 6 వేలూ పోతాయి, పన్నూ పోతుంది. అందుకే నొప్పి, చీము ఉన్న పన్ను ముందు. దానికి క్యాప్ పడ్డాకే రెండోది. సేవింగ్స్‌లో 20 వేలు కదపకుండా ఉంచి, మిగతా 20 వేలతో మొదలుపెట్టండి. నెలనెలా మిగిలే 8 వేలు కలుపుకుంటూ పోతే ఏడెనిమిది నెలల్లో అప్పు లేకుండా అయిపోతుంది. ఏదైనా పన్ను అంతకాలం ఆగదని డాక్టరు అంటే, తక్కువ పడిన మేరకే ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీ తీయకుండా దాని మీద బ్యాంకు ఇచ్చే అప్పు) తీసుకోండి. మామూలుగా ఎఫ్‌డీ వడ్డీ కన్నా ఒకటి, రెండు శాతం ఎక్కువ పడుతుంది. ఫీజు కట్టే నాటికి అది తీరిపోయేంత మొత్తమే వాడండి.

ఈఎంఐ సంగతి. పేరుకే నో కాస్ట్. ఒకేసారి కడితే 1,03,040. ఈఎంఐలో 1,12,000, పైగా మీరు రాసిన 2 శాతం ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి మరో 2,643. అంటే 11,603 ఎక్కువ. నెలనెలా అసలు తగ్గుతూ వస్తుంది కాబట్టి ఏడాదికి దాదాపు 20 శాతం పైన వడ్డీ కట్టినట్టే. పైగా ఫైనాన్స్ కంపెనీ డబ్బు ముందే క్లినిక్‌కు వెళ్ళిపోతుంది. వైద్యం మధ్యలో ఆగినా వాయిదా ఆగదు. ఫోన్‌కు వచ్చే ఓటీపీ చెప్పేముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (అప్పు షరతులు, ఖర్చులు రాసి ఉండే కాగితం) అడిగి, అందులో ఏపీఆర్ (ఛార్జీలు కూడా కలిపి ఏడాదికి పడే వడ్డీ శాతం) అన్న అంకె చదవండి. ఆ కాగితం ఇవ్వడం రిజర్వు బ్యాంకు నిబంధన.

మీ ఆరోగ్య బీమా మీద ఆశ పెట్టుకోకండి. ఓపీడీలో (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యంలో) దంత వైద్యం విడిగా చేర్చి ఉంటే తప్ప, పుచ్చిన పళ్ళకు క్లినిక్‌లో చేయించే పనికి మామూలు పాలసీలు ఇవ్వవు. దీనికి ఆదాయపు పన్నులో మినహాయింపు కూడా లేదు. మీ జీతానికి కొత్త విధానంలో ఎలాగూ ఆదాయపు పన్ను పడదు. వైద్యం బిల్లులో జీఎస్టీ వేస్తే మాత్రం అడగండి, ఇలాంటి చికిత్సకు అది ఉండదు.

సెలవులకు ఇబ్బంది లేకపోతే విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీలోనో, మీ దగ్గర్లోని ప్రైవేటు డెంటల్ కాలేజీలోనో ఒకసారి చూపించుకోండి. ప్రొఫెసర్ల పర్యవేక్షణలో పీజీ విద్యార్థులు చేస్తారు. ఖర్చు బాగా తక్కువ, తిరగాల్సిన సార్లు ఎక్కువ. కనీసం రెండో అభిప్రాయమైనా వస్తుంది.

జిర్కోనియా క్యాప్‌కు ల్యాబ్ నుంచి వారంటీ కార్డు ఇస్తారు, తప్పకుండా తీసుకోండి. అది క్యాప్ పగిలితేనే పనికొస్తుంది, లోపలి పన్ను పాడైతే కాదు. కొత్త ఎస్టిమేట్ పన్నుకు విడివిడిగా, ఫెర్రూల్ ఎంత ఉందో కూడా రాయించుకుని పంపండి. ఎఫ్‌డీలోంచి ఎంత వాడొచ్చో అప్పుడు కచ్చితంగా చెబుతాను.