కుట్ల మీద నీళ్ళు పడొచ్చా? తలా ఒక మాటంటే ఎవర్ని నమ్మాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను ఎంబీబీఎస్ ఫైనల్ ఇయర్, ఇప్పుడు సర్జరీ పోస్టింగ్‌లో ఉన్నా. హెర్నియా ఆపరేషనై మూడో రోజున్న ఒక పెద్దాయన 'స్నానం ఎప్పుడు చెయ్యొచ్చమ్మా' అనడిగాడు. పీజీ అన్న రెండ్రోజులు దాటితే ఓకే అన్నాడు, సిస్టర్ గారేమో కుట్లు తీసేదాకా చుక్క నీళ్ళు పడకూడదన్నారు, మా వాట్సాప్ గ్రూపులో తిరిగే పీడీఎఫ్‌లో ఇంకోలా ఉంది. ఆపరేషన్ గురించి పుస్తకంలో పేజీలకి పేజీలుంటాయి గానీ తర్వాత ఏం చెయ్యాలో నాలుగు లైన్లే. నమ్మదగ్గది ఎక్కడ దొరుకుతుంది?
- ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: ముందు స్నానం సంగతి తేల్చేద్దాం. మీ పీజీ అన్న చెప్పింది గాల్లోంచి రాలేదమ్మా, బ్రిటన్‌లో వైద్య సూచనలిచ్చే సంస్థ నైస్ వాళ్ళ గైడ్‌లైన్, 2019ది, ఆపరేషనైన 48 గంటల తర్వాత షవర్ స్నానం చెయ్యొచ్చనే అంటుంది. మన దగ్గర చెంబుతో పోసుకోవడం అనుకో, నానబెట్టడం కాదు, రుద్దడం కాదు, తర్వాత మెత్తటి పొడిబట్టతో అద్దుకోవాలి. అలాగని సిస్టర్ గారి మాట తీసెయ్యకు. డ్రెయిన్ (లోపలి ద్రవం బయటికి పోవడానికి పెట్టే ట్యూబు) ఉన్నా, కుట్ల దగ్గర చెమ్మ కారుతున్నా లెక్క మారిపోతుంది, ఆవిడ అలాంటివి ఎన్ని చూసిందో.

అందుకే నేను ఎవరికైనా ముందు కేస్ షీట్ తియ్యమంటా. ఏం ఆపరేషన్, మెష్ (బలానికి లోపల పెట్టే వల) పెట్టారా, పేగు కోసి కలిపారా, డ్రెయిన్ ఎక్కడుంది, కింద పోస్ట్-ఆప్ ఆర్డర్స్ ఏం రాశారు. ఇవి తెలీకుండా ఎంత మంచి గైడ్‌లైన్ చదివినా చీకట్లో బాణమే. ఆ తర్వాత నైస్, డబ్ల్యూహెచ్‌ఓ, ఈరాస్ సొసైటీ (ఆపరేషన్ తర్వాత పేషెంట్ త్వరగా కోలుకోవడం మీద పనిచేసే సంఘం), వీళ్ళ గైడ్‌లైన్లు ఫ్రీగానే దొరుకుతాయి. డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళది సర్జరీ ఇన్ఫెక్షన్ల మీద 2016లో వచ్చి 2018లో సవరించింది ఉంది, అందులో ఆపరేషన్ అయిపోయాక ప్రొఫిలాక్సిస్ యాంటీబయాటిక్ (ఇన్ఫెక్షన్ రాకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చేది) పొడిగించొద్దని గట్టిగానే చెప్పారు. ఇది చదివి నీ వార్డులో కేస్ షీట్లు చూడు, నీకే కొన్ని ప్రశ్నలొస్తాయి (వాటిని రౌండ్స్‌లో అందరి ముందు కాకుండా తర్వాత టీ దగ్గర అడుగు, నా అనుభవం). గ్యాస్ పోయేదాకా నోటికేమీ ఇవ్వొద్దనే పాత రూలు చాలా ఆపరేషన్లకి ఎందుకు పోయిందో ఈరాస్ వాళ్ళవి చదివితే తెలుస్తుంది.

ఆ పీడీఎఫ్ సంగతి. ఎవరు రాశారు, ఏ సంవత్సరం, ఏ ఆపరేషన్ గురించి, ఈ మూడూ లేకపోతే పరీక్షకి పనికొస్తుందేమో, పేషెంట్‌కి పనికిరాదు. చాట్‌బాట్ చెప్పినా అంతే, అది చూపించిన గైడ్‌లైన్ తెరిచి ఆ లైన్ నిజంగా అక్కడుందో లేదో చూసుకో. ఆపరేషన్ తర్వాత జ్వరానికి మనం బట్టీ పట్టే, డబ్ల్యూ అక్షరంతో మొదలయ్యే కారణాల లిస్టులో మొదటిది విండ్ కదా, అంటే ఊపిరితిత్తి కొంత ముడుచుకుపోయి జ్వరమొస్తుందని. 2011లో చెస్ట్ జర్నల్‌లో ఒక రివ్యూ వచ్చింది, దానికి క్లినికల్‌గా ఆధారం దొరకలేదని తేల్చారు. అయినా వైవాలో అడుగుతారు, చెప్పు, మార్కులు తెచ్చుకో.

ఇంకోటి, ఏ గైడ్‌లైన్‌లో వెతకాలన్న ఆలోచనే రానివి కూడా ఉంటాయి. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు నైట్ డ్యూటీలో ఒకాయనకి రెండు గంటల్లో యూరిన్ 15 మి.లీ. కూడా రాలేదు. కిలోకి గంటకి 0.5 మి.లీ. అని కంఠతా వచ్చు, 60 కిలోల మనిషి, గంటకి 30 రావాలి, కిడ్నీ పోతోందని సెలైన్ స్పీడ్ పెంచేసి సీనియర్‌ని నిద్ర లేపా. ఆయనొచ్చి దుప్పటి ఎత్తి చూశాడు, యూరిన్ బ్యాగులోకి పోయే కాథెటర్ ట్యూబ్ తొడ కింద మడతపడి ఉంది. సరిచెయ్యగానే బ్యాగులోకి బుడబుడమని వచ్చేసింది. తిట్టలేదు, మళ్ళీ వెళ్ళి పడుకున్నాడు, అదే ఎక్కువ సిగ్గనిపించింది.

ఇక ఆ పెద్దాయన. యూనిట్ సార్‌ని ఒకమాట అడిగి, గాయం చూసి, స్నానం గురించి నువ్వే చెప్పు. డిశ్చార్జ్ చీటీ ఇంగ్లీషులో ఉంటుంది, టీడీఎస్ అంటే ఆయనకేం తెలుస్తుంది, పొద్దున మధ్యాహ్నం రాత్రి అని చూపించి చెప్పు, కుట్ల దగ్గర ఎర్రబడినా వాచినా చీము కారినా జ్వరమొచ్చినా వెంటనే రమ్మను. అలాగే ఏం తింటున్నాడో కనుక్కో. పప్పు తింటే చీము పడుతుందని పక్కన కూర్చున్న వాళ్ళావిడ చారన్నం ఒక్కటే పెడుతూ ఉంటుంది, నేను పందెం కాస్తా. పుండు మానడానికి కావాల్సిన ప్రోటీన్ ఆ పప్పులోనే ఉందని, గుడ్డు కూడా పెట్టొచ్చని చెప్పాల్సింది ఆయనకి కాదు, ఆవిడకి.