పోస్టులు తీసే ఉద్యోగంలో చేరొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఐదేళ్ల లా కోర్సు చివరి ఏడాదిలో ఉంది. ఒక సోషల్ మీడియా కంపెనీ హైదరాబాద్ ఆఫీసులో, ప్రభుత్వం పంపే తొలగింపు ఆదేశాలు చూసే టీమ్‌లో ఆఫర్ వచ్చింది. ‘సర్కారు తీయమన్నది తీసేయడమేగా, దానికి లా ఎందుకు?’ అంటాడు మా తమ్ముడు. రేపు కేసుల్లో ఇరుక్కుంటుందేమోనని నాకు టెన్షన్. చేరమనమంటారా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ముందు మీ టెన్షన్ సంగతి చూద్దాం. ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద వచ్చిన బ్లాకింగ్ ఆదేశాన్ని సంస్థ పాటించకపోతే ఏడేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నమాట నిజమే. కానీ 2021 ఐటీ రూల్స్ ప్రకారం పెద్ద సోషల్ మీడియా సంస్థలు చీఫ్ కంప్లయెన్స్ ఆఫీసర్‌ను, అంటే సంస్థ చట్టాలు పాటించేలా చూసే అధికారిని పెట్టుకోవాలి, ఆ మనిషి మన దేశంలోనే ఉండాలి. తేడా వస్తే ముందు నిలదీసేది ఆ అధికారినే. సీనియర్లకిచ్చే ఆ కుర్చీలో కొత్తగా చేరిన పిల్లను కూర్చోబెట్టరు.

మీ తమ్ముడి మాట సగమే నిజం. ఆదేశం అంటే కొన్ని లింకులు, ఒక సెక్షన్ నంబరు, ఒక గడువు. పంపిన అధికారికి ఆ అధికారం ఉందా? అడిగింది ఒక్క పోస్టా, మొత్తం ఖాతానా? మన దేశంలో కనిపించకుండా చేస్తే సరిపోతుందా? ఇవన్నీ చూడాలంటే లా తెలియాలి. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు, ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే జైలన్న 66ఏ సెక్షన్‌ను కొట్టేసినా 69ఏను ఉంచింది. కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి లాంటి రక్షణలు ఉన్నాయి కాబట్టే ఉంచింది. వచ్చిన ఆదేశంలో ఆ రక్షణలు పాటించారా అని చూసేవాళ్లు లేకపోతే అవి పుస్తకంలోనే ఉండిపోతాయి.

కాకపోతే కాదనడం అంత తేలిక కాదు. ఇలాంటి బ్లాకింగ్ ఆదేశాల మీద ట్విటర్ 2022లో కర్ణాటక హైకోర్టుకెక్కితే, మరుసటి ఏడాది జూన్‌లో పిటిషన్ కొట్టేసి 50 లక్షలు కట్టమన్నారు. ఎక్స్‌గా మారాక, తొలగింపు ఆదేశాలు పంపడానికి కేంద్రం పెట్టిన సహయోగ్ పోర్టల్ మీద వేసిన కేసూ 2025 సెప్టెంబరులో అక్కడే ఓడిపోయింది.

కంపెనీ పేరు చూసి మాత్రం నిర్ణయించకండి. చైనాలో ఇక సెన్సార్ చేయనని 2010లో తెగేసి చెప్పిన గూగుల్, 2018 నాటికి అదే చైనా కోసం సెన్సార్ చేసిన సెర్చ్‌ను గుట్టుగా తయారుచేస్తోంది! సంగతి బయటపడ్డాక సొంత ఉద్యోగులే గొడవ చేశారు, కొందరు మానేశారు. చివరికి ఆపేశామని 2019లో ఒప్పుకుంది.

అందుకే ఒప్పుకునే ముందు కంపెనీ వాళ్లను ఒక ప్రశ్న అడగమని మీ అమ్మాయికి చెప్పండి: ‘ఆదేశంలో లోపం కనిపిస్తే నేను ఎవరికి రాయాలి, ఆ తర్వాత ఏమవుతుంది?’ ఎన్ని ఆదేశాలు కాదన్నారో అంకెలు చెప్పకపోయినా, వాళ్లు పద్ధతి చెప్పగలగాలి. హెచ్‌ఆర్ వాళ్లు గంటకు ఎన్ని టికెట్లు, అంటే వచ్చిన ఆదేశాల ఫైళ్లు మూయాలన్నదే మాట్లాడుతుంటే అది బటన్ నొక్కే పని, మీ తమ్ముడన్నట్టు దానికి లా అక్కర్లేదు. ఆదేశాలు చదివి అభిప్రాయం రాసే పనైతే నిక్షేపంగా చేరమనండి. రెండు మూడేళ్లు చేస్తే టెక్నాలజీ కేసులు చూసే లా ఫర్ముల్లో ఆ అనుభవానికి విలువుంటుంది.

మీకూ ఒక మాట. 2009 బ్లాకింగ్ రూల్స్ ప్రకారం ఈ ఆదేశాలు గోప్యం. ఏ పోస్టు తీశావమ్మా అని భోజనాల దగ్గర అడగకండి. నైట్ షిఫ్టులు, క్యాబ్ సంగతి మాత్రం సంతకానికి ముందే రాతలో తీసుకోమనండి.