నల్లజాతీయుల కేశసంరక్షణ బ్రాండ్ల ప్రత్యేకత ఏమిటి?

అమెరికాలో నల్లజాతీయులు స్థాపించిన కేశసంరక్షణ బ్రాండ్లు విడిగా ఎందుకన్న ప్రశ్నకు సమాధానం వెంట్రుక ఆకృతిలోనే ఉంది. స్ప్రింగులా మెలికలు తిరిగిన వెంట్రుక మీదుగా మాడులో ఊరే సహజ తైలం కొసదాకా జారలేదు కాబట్టి, కుదుళ్లు జిడ్డుగా ఉన్నా కొసలు పొడిబారి, దువ్వెన తగలగానే పుటుక్కున తెగిపోతాయి. అందుకే ఘాటైన షాంపూల కన్నా షియా వెన్న (ఆఫ్రికాలోని షియా చెట్టు గింజల నుంచి తీసే కొవ్వు), కడగకుండా ఉంచుకునే కండిషనర్, తడి జుట్టుకు వెడల్పు పళ్ల దువ్వెన ఎంతో మేలు.

తన జుట్టు రాలిపోవడంతో ఈ వ్యాపారంలోకి వచ్చిన నల్లజాతి మహిళ మేడమ్ సీ.జే. వాకర్ 1910లో ఇండియానాపొలిస్‌కు తరలివచ్చి, అక్కడ కర్మాగారం నెలకొల్పారు. నటి ట్రేసీ ఎలిస్ రాస్ 2019లో ‘ప్యాటర్న్’ బ్రాండ్‌ను ప్రారంభించారు. అయితే స్థాపకులూ యజమానులూ ఎల్లకాలం ఒకరే కారు: మోనిక్ రోడ్రిగెజ్ 2014లో ప్రారంభించిన ‘మియెల్’ను 2023లో బహుళజాతి సంస్థ ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కొనుగోలు చేసింది.