కారు లేకుండా కుటుంబం గడవదా?

ప్రశ్న: మేము పటమటలో అద్దెకుంటున్నాము. ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు; వాహనమంటే ఒక్క స్కూటరే. అప్పు చేసైనా కారు కొనమని బంధువులు పోరుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: అమ్మా, కారు కదలకుండా ఇంటి ముందున్న రోజుల్లోనూ వాయిదా, బీమా ఖర్చులు ఆగవు గనుక, స్కూటరు చాలక ఆటో ఎక్కిన ప్రతిసారీ ఎంత అయిందో ఒక నెలపాటు పుస్తకంలో రాసి, ఆ మొత్తాన్ని నెలవారీ వాయిదాతో పోల్చి చూడండి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపితే మీకూ, మీ అత్తగారికీ ప్రయాణం ఉచితం. సున్నా చార్జీ టికెట్టు మాత్రం అడిగి తీసుకోవాలి. అయితే మోకాళ్ల నొప్పులున్న వారికి బస్సు మెట్లే పెద్ద పరీక్ష కాబట్టి, ఆసుపత్రికి ఆటోనే మేలు. నమ్మకమైన ఆటో అతని నంబరు గోడమీద రాసి ఉంచుకోండి, ప్రాణాపాయమైతే 108కి ఫోన్ చేయండి.

బీసెంట్ రోడ్డుకో, వన్‌టౌన్ సందుల్లోకో కారులో వెళ్లినవారు దాన్ని ఎక్కడ నిలపాలో తెలియక పడే అవస్థ మీ బంధువులకూ తెలిసే ఉంటుంది! నన్ను కలవరపెట్టేది వేరొకటి: నలుగురూ ఒకే స్కూటరుపై వెళ్లే అలవాటుంటే దాన్ని ఈరోజే మానండి.