గ్యాస్ స్టేషన్‌లో పని, హనుమకొండ ఖాతాలో జీతం: చట్టం ఒప్పుకుంటుందా?

ప్రశ్న: వకీలు గారూ, మాది హనుమకొండ. ఎనుమాముల మార్కెట్‌లో చిన్న వ్యాపారం. మా అబ్బాయి ఎఫ్-1 వీసాపై అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్నాడు, రెండు సెమిస్టర్లు పూర్తయ్యాయి. యూనివర్సిటీ లైబ్రరీలో వారానికి 10 గంటల పని ఉంది. ఈమధ్య నాకు గుండె ఆపరేషన్ జరిగి వ్యాపారం ఆగింది, డబ్బు పంపలేకపోతున్నాను. అక్కడున్న మా దూరపు బంధువు తన గ్యాస్ స్టేషన్‌లో మరో 10 గంటల పని ఇచ్చి, జీతం ఇక్కడ నా ఖాతాలో వేయిస్తానంటున్నాడు. మొత్తం 20 గంటలు దాటదు కనుక ఇబ్బంది లేదంటున్నాడు. నిజమేనా?

సమాధానం: నిజం కాదు. వారానికి 20 గంటలన్న పరిమితి, తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో చేసే పనికి సంబంధించినది. క్యాంపస్ బయట ఒక్క గంట పనిచేసినా, ముందుగా అనుమతి లేకపోతే అది వీసా నిబంధనల ఉల్లంఘనే. జీతం ఏ దేశంలో, ఎవరి ఖాతాలో పడిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. పని అమెరికా గడ్డమీద జరిగిందా, దానికి ప్రతిఫలం ముట్టిందా అన్నదే ప్రశ్న. పైగా నెలనెలా మీ పాస్‌బుక్‌లో పడే ఆ జమ సాక్ష్యంగా మిగులుతుంది. మీ బంధువు మంచి మనసుతోనే చెప్పి ఉండవచ్చు గాని, అనుమతి లేదని తెలిసి పనిలో పెట్టుకున్నందుకు ఆయన మీదా చర్య తీసుకునే వీలుంది.

పట్టుబడితే సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థలో) మీ అబ్బాయి రికార్డు రద్దు కావచ్చు. తిరిగి విద్యార్థి హోదా కోరే దరఖాస్తుకు, అనుమతి లేని పని చేసి ఉండకూడదన్నది ఒక షరతు కనుక, ఆ దారి కూడా దాదాపు మూసుకుపోతుంది.

అయితే మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసిన ఒక మాట నాకు ముఖ్యంగా కనిపించింది: మీ ఆపరేషన్. విద్యార్థి చేతిలో లేని కారణంతో, చదువు మొదలయ్యాక ఊహించని ఆర్థిక ఇబ్బంది వస్తే, క్యాంపస్ బయట పనిచేయడానికి అనుమతి కోరే వీలు నిబంధనల్లోనే ఉంది. స్కాలర్‌షిప్ పోవడం, మారకపు విలువలో పెద్ద మార్పు, ఊహించని వైద్య ఖర్చులు ఇందులోకి వస్తాయి. కనీసం ఒక విద్యా సంవత్సరం పూర్తయి ఉండాలి. మీ అబ్బాయికి అది పూర్తయింది. మార్కులు బాగుండాలి, క్యాంపస్‌లో దొరికే పని చాలడం లేదని చూపాలి. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌ఓ అనే అధికారి సిఫారసు తీసుకుని, ఐ-765 ఫారంతో వలస శాఖకు దరఖాస్తు చేయాలి. అనుమతి ఒకసారికి గరిష్ఠంగా ఏడాది వరకే ఇస్తారు. అప్పుడు కూడా తరగతుల రోజుల్లో వారానికి 20 గంటలు మించకూడదు. దరఖాస్తు వేశాను కదా అని పనిలో చేరకూడదు, పని అనుమతి కార్డు చేతికి రావాలి.

మీరు ఇక్కడినుంచి చేయవలసింది కాగితాలు సిద్ధం చేయడం: ఆసుపత్రి డిశ్చార్జి పత్రం, బిల్లులు, ఆపరేషన్‌కు ముందు, తర్వాతి నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, మార్కెట్ లావాదేవీల లెక్క. తెలుగులో ఉన్నవాటికి, అనువాదకుని ధ్రువీకరణతో కూడిన ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. ఈలోగా ఫీజు గడువు ముంచుకొస్తే బ్యాంకులో విద్యారుణం పెంచమని అడగండి. బ్యాంకు రుణం నుంచి విదేశానికి పంపే ఫీజుపై 2025 ఏప్రిల్ 1 నుంచి టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పట్టడం లేదు.

ఒకవేళ అబ్బాయి ఇప్పటికే కొన్నాళ్లు గ్యాస్ స్టేషన్‌కు వెళ్లి ఉంటే, నేటితో మానిపించి, ఎవరికీ ఏమీ రాసి ఇవ్వకముందే అమెరికాలోని ఇమిగ్రేషన్ న్యాయవాదిని కలవమనండి, ఎందుకంటే అక్కడి చట్టంలో అతని తరఫున నిలబడే అర్హత నాకు లేదు. తర్వాతి వీసా దరఖాస్తులో, గతంలో వీసా నిబంధనలు ఉల్లంఘించారా అని అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే, చేసిన పనికన్నా ఆ అబద్ధమే అమెరికా ప్రవేశానికి శాశ్వతంగా అడ్డు పడవచ్చు.