పొయెట్ లారియేట్ అయిన మనవరాలికి

చిన్నీ,

మీ ఊరివాళ్లు నిన్ను రెండేళ్ల కాలానికి పొయెట్ లారియేట్‌గా ఎంచుకున్నారని పొద్దున మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి ఇంట్లో ఇదే మాట. అమ్మమ్మ పక్కింటివాళ్లకి కూడా చెప్పేసింది.

మన దగ్గర దీన్ని ఆస్థాన కవి అంటారు. 1949లో మద్రాసు ప్రభుత్వం చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారికి ఆ గౌరవం ఇచ్చింది. దాశరథి గారిని 1977లో ఆంధ్రప్రదేశ్ ఆస్థాన కవిని చేశారు, 1983లో ఆ పదవినే తీసేశారు. నిజామాబాద్ జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన మనిషాయన. ఆయన్ని మేం తలుచుకునేది ఆ పద్యాలకే.

ఒప్పుకునే ముందు అన్నీ కాగితం మీద రాయించుకో. ఏడాదికి ఎన్ని సభలు, ప్రయాణం ఖర్చు ఎవరిది, అడిగిన ప్రతిదానికీ కవిత రాయాలా? మొహమాటపడకు. వర్డ్స్‌వర్త్ అంతటివాడు 1843లో ఇంగ్లండు ఆస్థాన కవి పదవి ముందు వద్దన్నాడు. మీరేమీ రాయక్కర్లేదని ప్రధానమంత్రి మాటిచ్చాకే ఒప్పుకున్నాడు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి నాకు ముఖపరిచయం కూడా లేని ఒక పెద్దమనిషి సన్మానానికి సాయంత్రానికల్లా ఐదు పద్యాలు కావాలన్నారు. రాసిచ్చాను. ఛందస్సు తప్పలేదు, చప్పట్లూ కొట్టారు. ఇంటికొచ్చాక ఆ కాగితం మళ్లీ చదవలేకపోయాను. నలభై ఏళ్లయినా ఆ బాధ పోలేదు తల్లీ. నువ్వు నమ్మని మాట రాయమని ఎవరైనా అడిగితే, ఇంతకు ముందు రాసిందేదైనా చదువుతానని మర్యాదగా చెప్పు.

ఇక ఈ బిరుదుతో ఏం చెయ్యొచ్చంటే, నాకు బాగా నచ్చింది రాబర్ట్ పిన్‌స్కీ చేసిన పని. 1997లో అమెరికా పొయెట్ లారియేట్ అయ్యాక ఆయన జనాన్ని మీకిష్టమైన కవిత ఏదో చెప్పమన్నాడు. ఏడాదిలో 18,000 మందికి పైగా జవాబిచ్చారు! మీ ఊళ్లో నువ్వూ అడుగు. బస్సు డ్రైవర్‌ని, నర్సుని, బడిపిల్లల్ని ఒక సాయంత్రం లైబ్రరీకి పిలువు. ఎవరి భాషలో వాళ్లని చదవనివ్వు. పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న మన పెద్దవాళ్లలో పోతన పద్యాలు నోటికొచ్చినవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లు వాళ్లంతట వాళ్లు ముందుకు రారు, నువ్వే వెళ్లి చెయ్యి పట్టుకుని మైకు దగ్గరికి తీసుకురా.

పొద్దున ఒక గంట మాత్రం నీ రాతకే ఉంచుకో, ఎవరికీ ఇవ్వకు.

మొదటి సభకి టెన్షన్‌గానే ఉంటుంది. పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసుకుని నెమ్మదిగా చదువు. ఆ రోజు ఏం చదివావో నాకు పంపు. తెలుగులో నాలుగు పాదాలైనా రాస్తే అమ్మమ్మకి నేనే చదివి వినిపిస్తాను.

దీవెనలతో,
తాతయ్య